సముద్రానికి నాలుగు వందల అడుగులు

మగ్దలేనమ్మ రెండోసారి మస్కట్‌లో దిగేనాటికి ఆమెకు యాభై రెండేళ్లు. మొదటిసారి వచ్చినప్పుడు ముప్పై రెండు. అప్పుడు ఎవరో అట్టముక్క మీద తన పేరు రాసి పట్టుకుని నిలబడితే, చదువు రాని మగ్దలేనమ్మ ఆ అక్షరాలు తనవేనని ఇంకొకరు చెప్పాక ఆ మనిషి వెనకాల నడిచింది. ఈసారి ఎదురొచ్చింది కన్నకూతురు మహిమ. తల్లి చేతిలోని సంచీ అందుకుని, ప్రయాణం బాగా జరిగిందా, కాళ్లేమన్నా వాచాయా అని అడిగింది. నర్సు కదా, ఆసుపత్రిలో ముసలి రోగులను అడిగినట్టే అడిగింది.

హుజూరాబాద్ పక్క పల్లెలో ఉండే తల్లిని రమ్మని వీసా పంపింది మహిమే. రెండేళ్లుగా మస్కట్‌లోని రువీ పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది.  పదిహేనేళ్లుగా ముక్తసరిగా తప్ప మాట్లాడని బిడ్డ పిలిచిందంటే దేవుడే ఆమె మనసు కరిగించాడనుకుంది మగ్దలేనమ్మ. ఆదివారం గుడిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పుకుంది. బిడ్డ ఎందుకు పిలిచిందో ఆమెకు రెండో రోజు సాయంత్రం గానీ తెలియలేదు.

ఆ సాయంత్రం మహిమ అలమారలోంచి ఒక పాత నోటుబుక్కు తీసి తల్లి ముందు పరిచింది. అట్ట ఊడిపోయింది. నడిమి రెండు పేజీల నిండా పెన్సిలు గీతలు. ఒక వంకర దారి, దాని పక్కన అలలు, కొండలు, ఓడలు, ఒకచోట కొండ మీద పెద్ద గిన్నెలాంటిది. పక్కన పిల్ల అక్షరాలు.

"హాస్టల్ల ఉన్నప్పుడు గీసిన," అంది మహిమ. "నువ్వు శుక్రవారం శుక్రవారం ఫోన్ల చెప్తుంటివి గదా, షికారుకు పోయిన జాగలు. ఒక్కొక్కటి గీ బుక్కుల రాసుకున్న. రేపు, ఎల్లుండి లీవు పెట్టిన. అన్ని నాకు చూపియ్యి."

 ఆ జాగల్లో ఒక్కటంటే ఒక్కటి మగ్దలేనమ్మ కంటితో చూడలేదు.

ఆమె మొదటిసారి గల్ఫు ఎందుకు వెళ్లిందో పల్లెలో అందరికీ తెలుసు. మొగుడు మొగిలి జమ్మికుంట పత్తి మార్కెట్టులో హమాలీ. ఒకనాడు లారీ మీంచి జారిన బోరెం, నిండు పత్తి బస్తా, అతని తుంటి మీద పడింది. ఆ తర్వాత మొగిలి బరువెత్తలేదు, సరిగ్గా నడవనూ లేదు. ఆరేళ్ల మహిమను మిషను హాస్టల్లో చేర్చి, మొగిలిని అతని అక్క చేతిలో పెట్టి, మగ్దలేనమ్మ మస్కట్‌లో ఒక ఇంటికి ఖద్దామగా, అంటే పనిమనిషిగా వెళ్లింది. మత్రా పేటలో సందు లోపలి ఇల్లు. మూడంతస్తులు, పదకొండు మంది. ఇంటి యజమానురాలు మొదటిరోజే పాసుపోర్టు తీసుకుని తన గది బీరువాలో పెట్టి తాళం వేసింది. వంట, బట్టలు, పిల్లలు, మెట్లు కడగడం. చెడ్డవాళ్లని చెప్పలేం. తిండి పెట్టారు, చేయి చేసుకోలేదు. బయటికి మాత్రం పంపలేదు. తొమ్మిదేళ్లలో ఆమె ఆ గడప దాటింది రెండుసార్లు. ఒకటి చేయి కాలి ఆసుపత్రికి, రెండోది ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు.

వారానికి ఒక్కసారి, శుక్రవారం, పది నిమిషాలు ఇంటికి ఫోను చేసుకోనిచ్చేవారు. మొదటి శుక్రవారం హాస్టలుకు చేస్తే మహిమ వెక్కి వెక్కి ఏడ్చింది. గల్ఫులో పనివాళ్లను గదిలో పెట్టి తాళం వేస్తారని, వాతలు పెడతారని పెద్ద పిల్లలెవరో చెప్పారట. "అవ్వా, నిన్ను గాడ అర్రల పెట్టి తాళమేసిండ్రా?" అని అడిగింది.  ఏం చెప్పాలో తోచక మగ్దలేనమ్మ, లేదు బిడ్డా, ఇయ్యాల సెలవిచ్చిండ్రు, సముద్రం ఒడ్డుకు షికారుకు పోయొచ్చిన అంది. అటువైపు ఏడుపు ఆగింది. సముద్రం ఎట్లుంటది అని చిన్న గొంతు అడిగింది.

ఎట్లుంటుందో మగ్దలేనమ్మకు తెలియదు. బట్టలారేసే మిద్దె మీంచి, రెండు ఇళ్ల సందున, చీర అంచంత నీలం కనిపించేది. అది సముద్రమని చెప్పింది పక్క మిద్దె లస్మవ్వ.

లస్మవ్వది ఇచ్చోడ ఊరు. పక్కింట్లోనే పని. రెండు మిద్దెలకూ నడుమ కోటగోడలా పళ్లు పళ్లుగా కట్టిన ఒకే గోడ. లస్మవ్వ యజమానులు మంచివాళ్లు. శుక్రవారం పూట ఆమెను బయటికి పోనిచ్చేవారు. ఆమె తన ఊరివాళ్లను కలిసి, ఒడ్డు వెంట గంటసేపు నడిచి, వచ్చాక గోడ దగ్గర నిలబడి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. చేపల మార్కెట్టు దగ్గర దారి మొదలవుతుందని, కొడవలి లెక్క వంగి పోతుందని, నీలం అద్దకం పనిలాంటి చెక్క కిటికీల ఇళ్లుంటాయని, రాజుగారి తెల్ల ఓడ నిలబడి ఉంటుందని, కొండ మీద ఊదు వేసే గిన్నె గుడంత ఎత్తున కట్టారని. "పరేషాన్ కాకు, నేను చూసొచ్చి చెప్త గదా, నా కండ్లే నీ కండ్లనుకో," అనేది. మగ్దలేనమ్మ విన్నది విన్నట్టు మరుసటి శుక్రవారం బిడ్డకు చెప్పేది. లస్మవ్వ చూసింది, మగ్దలేనమ్మ నడిచింది, మహిమ గీసుకుంది. అట్లా ఐదేళ్లు నడిచింది.

ఐదో ఏడు మొగిలి కామెర్లతో చనిపోయాడు. కబురు బుధవారం వచ్చింది. మగ్దలేనమ్మ యజమానురాలి కాళ్లు పట్టుకుంది. ఇంట్లో పెళ్లి ఉంది, అయ్యాక పంపిస్తామన్నారు. శుక్రవారం హాస్టలుకు ఫోను చేస్తే, మహిమ రానంటోందని వార్డెను చెప్పింది. పదకొండేళ్ల పిల్ల, తండ్రి మట్టికి ఒక్కతే నిలబడింది. సమాధుల దొడ్లో ఆడవాళ్లు ఏమనుకున్నారో పిల్ల విననే విన్నది. మొగడు చచ్చినా రాలేదు, దానికి సముద్రం మీద గాలి మరిగింది అనుకున్నారు. ఆ సముద్రం సంగతి వాళ్లకు చెప్పింది మహిమే. అంతకుముందు ఎంత గొప్పగా చెప్పుకునేదో. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. ఈ మాట సముద్రం దాటి వచ్చి పిల్ల మెడకే చుట్టుకుంది.

పెళ్లి అయింది. తర్వాత పురుడు వచ్చింది, ఆ తర్వాత ఇంట్లో ముసలాయన మంచం పట్టాడు. మగ్దలేనమ్మ ఇంటికి వచ్చేసరికి మరో నాలుగేళ్లు గడిచాయి. పదిహేనేళ్ల మహిమ తల్లి తెచ్చిన గౌను వేసుకోలేదు, తల్లి పక్కన పడుకోలేదు. కరీంనగర్‌లో నర్సింగు చదివింది, ఉద్యోగం చేసింది. మస్కట్‌లో ఖాళీలున్నాయనగానే ముందు దరఖాస్తు పెట్టిన వాళ్లలో ఆమె ఒకతి. తల్లిని తననుంచి ఎత్తుకుపోయిన ఆ ఒడ్డు ఎట్లుంటుందో చూడాలని ఆమె పట్టుదల. ఇవన్నీ తల్లికి తెలియవు.

నోటుబుక్కు చూసిన ఆ సాయంత్రమే మగ్దలేనమ్మ నిజం చెప్పేసి ఉంటే బాగుండేది. చెప్పాలనే నోరు తెరిచింది. మహిమ అప్పటికే బూట్లు తుడుచుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే చేపల మార్కెట్టు దగ్గర టాక్సీ దిగారు. జనవరి నెల. ఎండ హాయిగా ఉంది. తెల్లటి కొంగల్లాంటి పిట్టలు అరుస్తూ నీళ్ల మీద తిరుగుతున్నాయి. ఇంత నీరు మగ్దలేనమ్మ జన్మలో చూడలేదు. చూసినట్టు ఉండాలి కాబట్టి నోరు తెరవకుండా నిలబడింది.

"ఎటు పోదాం?" అని అడిగింది మహిమ.

మగ్దలేనమ్మ ఎడమకు చూసింది, కుడికి చూసింది. కొడవలి వంపు ఎటుందో కనిపెట్టి అటు కదిలింది. తర్వాత కష్టం కాలేదు. లస్మవ్వ చెప్పింది చెప్పినట్టే ఉంది. చెక్క కిటికీల ఇళ్లు వచ్చాయి. నీలం గుమ్మటం మసీదు వచ్చింది. బజారు మొగ వచ్చింది, లోపలినుంచి ఊదు వాసన. అటుపక్క నీళ్లలో రాజుగారి తెల్ల ఓడ. ఒక్కొక్కటి కనిపించగానే మగ్దలేనమ్మ దాని సంగతి చెప్పేది, మహిమ తల ఊపేది. నడుస్తున్న కొద్దీ తల్లికి ధైర్యం వచ్చింది. అచ్చం తనే అన్నాళ్లూ అక్కడ నడిచినట్టు అనిపించడం మొదలైంది. అమ్మలక్కల ముచ్చట్లు చెప్పింది. ఒకసారి ఉప్పునీళ్లు మీద పడి చీర తడిసిన సంగతి చెప్పింది. అది లస్మవ్వ చీర.

బిడ్డ మొహం ఆమె చూసుకోలేదు. ఒక్కో జాగా దొరికిన కొద్దీ మహిమ దవడ బిగుసుకుపోతోంది.

దారి వంపు తిరిగేచోట రాతి బల్లలున్నాయి. మహిమ ఆగింది.

"యాడ కూసుంటుంటివి?"

మగ్దలేనమ్మ ఒక బల్ల చూపించింది. మహిమ దాని మీద కూర్చుని నీళ్లకేసి చూసింది. తర్వాత తల తిప్పకుండానే అడిగింది, బాపు సచ్చిపోయిన వారం గూడ గీడ కూసున్నవా అని.

"ఆ వారం రాలే బిడ్డా," అంది మగ్దలేనమ్మ.

మహిమ లేచి నడిచింది. ఆ మాట ఆమె నమ్మలేదని తల్లికి అర్థమైంది. ఆ రోజంతా ఆమె చెప్పిన నిజం అదొక్కటే. అదే బిడ్డకు అబద్ధంగా వినపడింది.

కొండ మీద ఊదుగిన్నె దాకా వెళ్లి చూసి, ఎవరి తిండి వాళ్లు తిని గదికి వచ్చేశారు. మగ్దలేనమ్మకు రేపటి భయం పట్టుకుంది. నోటుబుక్కులో చివరి గీత కొండదారి. లస్మవ్వ ఒకేసారి ఎక్కిందది. ఎక్కితే పేట అంతా అరచేతిలో ఉన్నట్టు కనపడుతుందని చెప్పింది.

రెండో రోజు ఊదుగిన్నె వెనకనుంచి మెట్లు పట్టారు. మెట్లు కాసేపే. ఆ తర్వాత అంతా గోధుమరంగు బండ, చెట్టన్నది లేదు. రాళ్ల మీద రంగు గుర్తులు వేసి ఉన్నాయి, వాటిని పట్టుకుని పోవాలి. మహిమ ముందు, తల్లి వెనక. మోకాళ్లు పట్టేసినచోట మహిమ చేయి అందించేది, దాటగానే వదిలేసేది. గంట పైన పట్టింది. పైకి చేరి వాలు వైపుకు రాగానే కింద మత్రా మొత్తం కనిపించింది. కొడవలి వంపు, ఓడరేవు, తెల్లటి ఇళ్ల మిద్దెలు, వాటి మీద నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు.

మగ్దలేనమ్మ సముద్రం చూడలేదు. ఆమె కళ్లు మిద్దెల మీద వెతుకుతున్నాయి. పళ్లు పళ్లుగా ఉన్న గోడ దొరికింది. గోడకు ఇటువైపు మిద్దె మీద ఎవరో ఆడమనిషి గొంతుక్కూర్చుని ఏదో ఉతుకుతోంది. తొమ్మిదేళ్లు తను కూర్చున్న చోటు అది.

ఆ మిద్దె ముందు ఒక సందు. సందు చివర రెండిళ్లు. ఇళ్ల ముందు రోడ్డు. రోడ్డు పక్కనే నీళ్లు. నిన్న కూర్చున్న రాతిబల్ల అక్కడే ఎక్కడో ఉంది.

"మహిమా, గా పండ్ల గోడ మిద్దె కాంచి సముద్రానికి ఎంత దూరముంటది?"

మహిమ ఫోను తీసి మ్యాపులో వేలు పెట్టి చూసింది. "నాలుగు వందల అడుగులు. ఎందుకు?"

మగ్దలేనమ్మ అక్కడే బండ మీద కూర్చుంది. లస్మవ్వ గంట నడుస్తానంటే, సముద్రం గంట దూరం అనుకుంది ఆమె. ఒడ్డు వెంట నడిచే గంట అని తట్టలేదు.

"గింత దగ్గర్నే ఉండెనా," అంది. తనలో తాను అనుకున్న మాట పైకి వచ్చేసింది.

"గదేం మాట? వారం వారం పోయినదానివి, నీకు తెల్వదా?"

ఇక దాచేందుకేమీ లేదు. మగ్దలేనమ్మ చెప్పింది. తాళం వేసిన బీరువా గురించి, గోడ గురించి, లస్మవ్వ గురించి. సముద్రం మొదటిసారి దగ్గరనుంచి చూసింది నిన్ననే అని చెప్పింది. చెబుతున్నంతసేపూ కిందికే చూసింది. బిడ్డ వచ్చి మెడ మీద చేయి వేస్తుందని లోలోపల ఎక్కడో అనుకుంది కూడా. అంత కష్టపడ్డావా అవ్వా అంటుందనుకుంది.

మహిమ నిలబడిన చోటే నిలబడింది.

"ఎందుకు చెప్పినవ్ మరి గన్ని ముచ్చట్లు?"

"నువ్వు ఏడుస్తున్నవని, బిడ్డా."

"ఏడ్చేదాన్ని. ఏడిస్తే ఏమైతుండె? నాలుగు రోజులేడ్చి ఊకుందును." ఆమె గొంతు లేవలేదు. "బాపును బొంద పెట్టి వచ్చినంక నేను ఏడ్వలే. నిన్ను తిట్టిన. అవ్వ సముద్రం కాడ గాలి తింటుంది, బాపు సచ్చిండు, అవ్వ గాలి తింటుంది అని పండుకునేటప్పుడు దినాం అనుకున్న. ప్రార్థన బదులు గదే అనుకున్న. నీకు తాళమేసిండ్రని ఒక్క మాట చెప్తే నీ కోసం ప్రార్థన చేసేదాన్ని గదా. పదిహేనేండ్లు, అవ్వా. గా పదిహేనేండ్ల కోపం ఇప్పుడు నేను యాడ పడెయ్యాలె?"

 మేకలు రెండు బండల మీదుగా దిగి వాళ్లను దాటి పోయాయి. మహిమ నీళ్ల సీసా తల్లి పక్కన పెట్టి దిగడం మొదలుపెట్టింది. మలుపు మలుపుకూ ఆగి, తల్లి కనిపించేదాకా నిలబడి, కనిపించగానే మళ్లీ దిగిపోయేది.

ఆ తర్వాత మూడు వారాలు ఒకే గదిలో ఉన్నారు. మహిమ ఎక్కువ డ్యూటీలు వేయించుకుంది. తల్లికి బీపీ మాత్రలు తెచ్చింది, మోకాళ్లకు పట్టీ తెచ్చింది, వేళకు తిన్నావా అని అడిగింది. ఆ సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఒక పొద్దున మగ్దలేనమ్మ ఒక్కతే బయలుదేరి, ఒకప్పటి వంటింటి అరబ్బీ ముక్కలతో దారి అడుక్కుంటూ మత్రా చేరింది. ఒడ్డు ఈ చివరనుంచి ఆ చివరకు నడిచింది. దారి బాగానే ఉంది. జనం ఫోటోలు తీసుకుంటున్నారు. అంతకాలం మిద్దె మీద తను కోరుకున్నది ఇదేనా అని గుర్తు తెచ్చుకోబోతే ఏమీ గుర్తు రాలేదు. కాళ్లు నొప్పి పెట్టి టాక్సీ ఎక్కి వచ్చేసింది.

ఊరికి తిరిగి వచ్చాక గుడి ఆడవాళ్లు చుట్టూ చేరారు. పాత జాగలన్నీ బిడ్డకు చూపించినవా అని అడిగారు. అప్పట్లో నేను ఏ జాగా చూడలేదు, ఇల్లు దాటనివ్వలేదు అని మగ్దలేనమ్మ ఉన్నమాట చెప్పింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొగడి మట్టికి రాని తప్పును ఇన్నేళ్లకు కప్పిపుచ్చుకుంటోంది అని ఆ మధ్యాహ్నమే ఒకామె అన్నదట. 

మహిమ ఫోను మాత్రం శుక్రవారం శుక్రవారం వచ్చేది. యోగక్షేమాలు అయ్యాక ఒక ప్రశ్న వేసేది. వారానికి ఒకటి. బాపు కబురు వచ్చిన రోజు నువ్వు ఏం పని చేస్తున్నవ్? పెండ్లికి బియ్యమేరుతున్న. చెయ్యి ఎట్ల కాలింది? నూనె మీద పడ్డది. లస్మవ్వ ఏమైంది? కాన్సరొచ్చి ఇచ్చోడకు ఎల్లిపోయింది, ఆర్నెల్లకే సచ్చిపోయిందని తెలిసింది. తల్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేది, బిడ్డ వినేది. మహిమ గొంతులో కొద్దికొద్దిగా మెత్తదనం వస్తోందని మగ్దలేనమ్మకు అనిపించేది. మొదట్లో శుక్రవారమంటే భయపడేది. పోనుపోను పొద్దుటినుంచే ఫోను కొంగున కట్టుకుని తిరిగేది.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం మహిమ గేటు గురించి అడిగింది.

"గేటుకు దినాం తాళమేస్తుండెనా అవ్వా?"

వేస్తుండె అని ఒక్క మాట చాలు. మహిమ నమ్మేది. ఆ ప్రశ్నలన్నిటికీ అక్కడితో ముగింపు దొరికేది కూడా. మగ్దలేనమ్మ పొయ్యిలోని కట్టెలు వెనక్కి లాగి, ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"మొదటి రెండేండ్లే ఏసిండ్రు, బిడ్డా," అంది. "అటెన్క ఎయ్యలే, మీ బాపు సచ్చిన ఏడు గూడ. ఉత్తగనే దగ్గరికి ఏసి ఉంటుండె. పోతే పోలీసోళ్లు పట్టుకుంటరని, కాయితాలు లేవని నాకు భయముండె. గట్లనే ఉన్న."

అటువైపు ఆసుపత్రిలో ఎవరినో పిలిచే గంట మోగింది. డ్యూటీకి టైమైందని చెప్పి మహిమ పెట్టేసింది.

తర్వాతి శుక్రవారం ఫోను రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. మూడో వారం సోమవారం పూట వచ్చింది. మాత్రలు వేసుకుంటున్నావా, ఎండలకు బయటికి పోతున్నావా అని అడిగింది మహిమ. మగ్దలేనమ్మ జవాబు చెప్పింది. ప్రశ్న కోసం ఎదురు చూసింది. మహిమ ఇంకేమీ అడగలేదు.